నల్ల కవర్లో సీసా

ఏప్రిల్ ఆఖరి వారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. కర్నూలు ఎండ సంగతి కర్నూలు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మా ల్యాబ్ కౌంటర్ ముందుకు ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఆరో నెల ఉండొచ్చు. పక్కన వాళ్ళత్త. చుట్టూ మగవాళ్ళు ఉన్నారని అమ్మాయి నోరు తెరవడం లేదు. కొంగు చాటు నుంచి నల్ల కవరు తీసి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే దగ్గుమందు సీసా. శుభ్రంగా కడిగారు, లేబుల్ కూడా గీకేశారు. అందులో పొద్దున పట్టిన మూత్రం.

"ఎన్ని గంటలకు పట్టినావమ్మా?"

"ఎనిమిదికి అక్కా. బస్సెక్కే ముందర."

నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ సీసా బస్సులో, ఒళ్ళో, ఎండలో ఉంది. తనకు నచ్చిన చోట, నచ్చిన వెచ్చదనంలో ఈ కోలై అనే బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది. నాలుగు గంటలంటే పన్నెండు రెట్టింపులు. ఒకటి ఉన్నది 4,096 అవుతుంది. మిల్లీలీటరు మూత్రంలో పాతికంటే పాతిక ఉన్నా మధ్యాహ్నానికి లెక్క లక్ష దాటుతుంది. మూత్రంలో అంత వేగంగా పెరగకపోవచ్చు, కానీ సగం వేగంతో పెరిగినా నా లెక్క తప్పినట్టే. మేము చూసేదే ఆ లక్ష కాబట్టి. 1956లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ డాక్టరు మిల్లీలీటరుకు లక్ష అనే గీత గీశారు. అంతకు మించి ఉంటే అవి మూత్రాశయంలోనే కాపురం పెట్టినట్టు, తక్కువగా ఉంటే పట్టేటప్పుడు చర్మం మీద నుంచి కలిసి ఉండొచ్చు అని. ఈరోజుకీ మా పని ఎక్కువగా ఆ గీత మీదే నడుస్తుంది.

ఆ సీసా నేను తీసుకోలేదు. వాళ్ళత్తకు కోపం వచ్చింది. "అంత దూరం నుంచి తెస్తే పారబోయమంటాండావే" అంది. ఆమె కోపంలో తప్పేమీ లేదు. సీసాలో తేవాలని చెప్పినవాళ్ళు ఎలా తేవాలో చెప్పలేదు. అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి, మూత బిగించిన కొత్త డబ్బా ఇచ్చి, ఎలా పట్టాలో చెవిలో చెప్పినట్టు చెప్పాను. ఇంటికెళ్ళాక కూడా ఆ నల్ల కవరే కళ్ళముందు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పధ్నాలుగేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. అందులో పన్నెండేళ్ళు మైక్రోబయాలజీ బల్ల దగ్గరే గడిచాయి. డాక్టరును కాను, మందులు చెప్పను. కానీ గర్భిణుల మూత్రంలో ఏం పెరుగుతుందో రోజూ కళ్ళతో చూసేదాన్ని. ఆడవాళ్ళు కౌంటర్ దగ్గర చెప్పలేక మింగేసే మాటలు వినేదాన్ని కూడా.

మా వైపు మూత్రంలో మంట అంటే ఒకటే మాట: వేడి చేసింది. మా అవ్వ అదే అనేది, మా అమ్మ ఇప్పటికీ అదే అంటుంది. సబ్జా గింజలు నానేయ్, బార్లీ కాచుకో, నన్నారి తాగు, మజ్జిగన్నం తిను. నేను వీటిని తీసిపారేయను. ఎండాకాలంలో నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి నిజంగానే చురుక్కుమంటుంది. నీళ్ళు పడితే ఆ చురుకు తగ్గుతుంది. కానీ బాక్టీరియా ఉన్నచోట సబ్జా నీళ్ళు మంటను కాస్త మరిపిస్తాయి, దాన్ని చంపవు. రెండు రోజులు చల్లబడినట్టు ఉంటుంది, ఆ రెండు రోజులూ అది పైకి ఎక్కుతూ ఉంటుంది. పైకి అంటే కిడ్నీకి.

మామూలు ఆడమనిషికే ఈ బాధ ఎక్కువ. మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే, మలద్వారం పక్కనే. గర్భంతో ఇంకో రెండు చిక్కులు వచ్చి పడతాయి. ప్రొజెస్టిరాన్ హార్మోన్ వల్ల కిడ్నీల నుంచి మూత్రాశయానికి దిగే గొట్టాలు వదులవుతాయి, మూత్రాన్ని కిందికి నెట్టే కదలిక మందగిస్తుంది. పెరిగే గర్భసంచి వాటి మీద ఒత్తిడి పెడుతుంది. గర్భసంచి కుడివైపుకు కాస్త ఒరుగుతుంది కాబట్టి కుడి గొట్టం మీద ఒత్తిడి ఎక్కువ, కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకితే ఎక్కువగా కుడివైపే నొప్పి. మా కె.సి. కెనాల్‌లో నీళ్ళు వదిలిన రోజుల్లో చూడండి, ఆపేశాక మిగిలిన మడుగుల్ని చూడండి. నీళ్ళు అవే. నిలిచిన చోటే పాచి పడుతుంది. పైగా ఈ నెలల్లో మూత్రంలోకి కొంచెం చక్కెర కూడా దిగుతుంది, బాక్టీరియాకు అది తిండి.

ఇక అసలు మనుషుల కంటే నాకు ఎక్కువ పరిచయమైన వాటి గురించి.

గర్భిణుల్లో వచ్చే మూత్రపు ఇన్ఫెక్షన్లలో నూటికి 70 నుంచి 80 దాకా ఈ కోలైవే. దీన్ని 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల మలంలో చూశారు. ఆయన పేరే తర్వాత దానికి పెట్టారు. పసిబిడ్డ పేగుల్లో ఉంటుంది, నా పేగుల్లో ఉంటుంది, మీ పేగుల్లో ఉంటుంది, అక్కడున్నంతసేపు ఎవరికీ చెరుపు చేయదు. చోటు మారితేనే గొడవ. మూత్రాశయం గోడను పట్టుకోవడానికి కొన్ని ఈ కోలై రకాలకు ఒంటినిండా సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి. పల్లేరుకాయ చీరంచును పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. మూత్రం ధారగా పోయినా ఊడవు.

పొద్దున్న ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ఈ కోలై ప్లేటు ఏదో దూరం నుంచే తెలుస్తుంది. బాక్టీరియాను పెంచడానికి మేము వాడే మీడియం పేరు క్లెడ్, గాజు ప్లేటులో పోసి గడ్డకట్టించిన అగర్. మొదట ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో ఉంటుంది. ముందురోజు సాయంత్రం లూప్ అనే సన్నని తీగతో మిల్లీలీటరులో వెయ్యో వంతు మూత్రం దాని మీద గీస్తాం. 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. ఇలా పెంచి చూడటాన్నే కల్చర్ అంటాం. ఈ కోలై పాలలో ఉండే లాక్టోజ్ చక్కెరను తిని పులుపు వదులుతుంది, దాంతో ప్లేటు పసుపుగా మారుతుంది. సాయంత్రం ఆకుపచ్చగా పెట్టింది పొద్దున్నకు పసుపు పూసినట్టు ఉంటుంది. ఒక్కో చుక్క ఒక్కో కాలనీ. నూరు దాటాయంటే వెయ్యితో హెచ్చవేసి లక్ష దాటిందని రాస్తాం.

క్లెబ్సియెల్లా కూడా పసుపే, కానీ కాలనీలు ఉబ్బి, తడితడిగా, జిగురుగా ఉంటాయి. లూప్‌తో తాకి పైకి లేపితే సన్నటి తీగలా సాగి వస్తుంది, తుమ్మబంక లాగా. చక్కెర జబ్బున్న వాళ్ళ శాంపిళ్ళలో ఇది నాకు ఎక్కువగా ఎదురవుతుంది.

ప్రోటియస్‌ను చూడకముందే వాసన పట్టుకోవచ్చు. అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది, మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, ఆ మార్పులో కిడ్నీలో రాళ్ళు కూడా కట్టొచ్చు. రక్తం కలిపిన బ్లడ్ అగర్ మీద అది ఒకచోట నిలవదు. పెట్టిన చోటు నుంచి అలలు అలలుగా ప్లేటు అంచుదాకా పాకుతుంది. తుంగభద్రలో రాయి వేస్తే వలయాలు లేస్తాయే, అచ్చం అట్లాగే. నా మొదటి సంవత్సరంలో ఆ అలలు చూసి ప్లేటు పాడైందనుకుని పారేయబోతుంటే మా మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపారు.

గర్భిణుల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్. ఇది క్లెడ్ ప్లేటు మీద సరిగా కనబడదు, బ్లడ్ అగర్ కావాలి. మామూలు మనిషి మూత్రంలో పదో ఇరవయ్యో కాలనీలు వస్తే పట్టించుకోకపోవచ్చు. గర్భిణి మూత్రంలో మాత్రం అంత తక్కువ ఉన్నా రిపోర్టులో రాయాలి. ఎందుకంటే కాన్పు సమయంలో అది బిడ్డకు అంటి, పుట్టిన మొదటి రోజుల్లోనే రక్తానికి, ఊపిరితిత్తులకు, మెదడు పొరలకు పాకవచ్చు. నొప్పులు మొదలైనప్పుడు తల్లికి రక్తనాళంలోంచి యాంటీబయాటిక్ ఇస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. అయితే నాకు వచ్చే ఫారాల్లో సగం మీద "ఆడ, 23, యూరిన్ కల్చర్" అనే ఉంటుంది. గర్భిణి అనే ఒక్క మాట లేకపోతే ఆ శాంపిల్ ఎవరిదో బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది? దయచేసి ఫారం మీద గర్భిణి అని, ఎన్నో నెలో రాయించండి. డాక్టరు మరిచిపోతే కౌంటర్ దగ్గర మీరే చెప్పండి.

ఎంటరోకాకస్ గురించి తర్వాత చెప్తాను. అది మా ఇంటికే వచ్చింది.

దానికంటే ముందు నా సంగతి. పదకొండేళ్ళ కింద నాకు ఏడో నెల. అప్పటికే ఈ బల్ల దగ్గర పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం చలి పట్టుకుంది. దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకమన్నాయి. తర్వాత జ్వరం. ఇంటికి దగ్గర్లోని క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. నాలుగు రోజులు మాత్రలు వేసుకున్నాను. కుడివైపు పక్కటెముకల కింద, నడుము దగ్గర నొప్పి. "ఏడో నెల కదా, నడుము నొప్పి లేకుండా ఎట్లుంటాది" అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. మంట ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగినా లేదనే చెప్పేదాన్ని, నిజంగానే లేదు. ఐదో రోజు వాంతులు ఆగక ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరమ్మ రాగానే నా కుడి నడుము మీద పిడికిలితో మెల్లగా తట్టారు. ప్రాణం పోయినట్టైంది. వెంటనే కల్చర్ రాశారు.

మరుసటి రోజు మా మేడమ్ ఆసుపత్రికి వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించారు. నేను రోజూ తయారుచేసే ప్లేటే. నిండా పసుపు. మూత మీద మార్కర్‌తో రాసిన పేరు మాత్రం నాది.

మా పాప ముప్ఫై ఐదో వారంలో పుట్టింది. ఒక కిలో తొమ్మిది వందల గ్రాములు. పన్నెండు రోజులు గాజుపెట్టెలో ఉంది, అద్దం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఆ ఇన్ఫెక్షన్ వల్లే ముందుగా పుట్టిందని ఎవరూ తేల్చి చెప్పలేదు, అలా తేల్చి చెప్పడం కుదరదు కూడా. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కు, నెలలు నిండని కాన్పుకు, తక్కువ బరువుకు సంబంధం ఉందని మాత్రం వైద్యులంతా ఒప్పుకుంటారు. పాప ఇప్పుడు ఐదో తరగతి, నా భుజం దాకా వచ్చింది. అయినా నన్ను తొలిచేది ఒకటుంది. ఆ ఏడు నెలల్లో కొన్ని వందల మంది గర్భిణుల మూత్రం నేను పరీక్షించాను. నాది ఒక్కసారి కూడా ప్లేటు మీద పెట్టలేదు.

మంట లేదు కదా అనుకున్నాను. గర్భిణుల్లో నూటికి ఇద్దరి నుంచి పదిమంది దాకా మూత్రంలో బాక్టీరియా ఉంటుంది, వాళ్ళకు ఏ బాధా ఉండదు. మంట లేదు, జ్వరం లేదు, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం గర్భంతో ఎలాగూ ఉండేదే. వాళ్ళకు వైద్యం చేయకుండా వదిలేస్తే నూటికి ఇరవై, ముప్ఫై మందికి తర్వాతి నెలల్లో అది కిడ్నీకి చేరుతుంది. గర్భం లేనివాళ్ళకు ఇలా బాధలేని బాక్టీరియా కనబడితే చాలావరకు మందులివ్వరు, అలాగే వదిలేస్తారు. గర్భిణి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పద్ధతి చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన గర్భిణుల సంరక్షణ సూచనల్లో ఇలాంటి వాళ్ళకు ఏడు రోజుల యాంటీబయాటిక్ ఇవ్వాలని, దాన్ని కనిపెట్టడానికి వీలున్న చోట కల్చరే చేయాలని ఉంది.

ఇక్కడే పెద్ద అపార్థం. "మా అమ్మాయికి యూరిన్ టెస్ట్ చేసినారు, అంతా నార్మలే" అంటారు. చేశారు, నిజమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల ఉచిత పరీక్షల రోజున మూత్రం చూస్తారు. అక్కడ ముఖ్యంగా చూసేది అల్బుమిన్ అనే ప్రొటీన్, చక్కెర. బీపీ వల్ల వచ్చే ముప్పును, గర్భంతో వచ్చే మధుమేహాన్ని పట్టుకోవడానికి అవి చాలా అవసరం, వాటిని తక్కువ చేయను. కానీ అల్బుమిన్ లేదంటే బాక్టీరియా లేదని కాదు. అవి వేరు, కల్చర్ వేరు. ఆశా అక్కలు తల్లీబిడ్డల కార్డు పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. కార్డులో కల్చర్‌కు కూడా ఒక గడి ఉండుంటే వాళ్ళు అది కూడా పూర్తి చేయించేవాళ్ళని నా నమ్మకం.

ఇక మా మరదలు సంగతి. మా తమ్ముడి భార్య. పత్తికొండ దాటి ఉంది మా ఊరు, బస్సుకు రెండున్నర గంటలు. ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ కోసం మా అమ్మతో కలిసి వచ్చింది. రాగానే నీళ్ళిస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది. బస్సులో ఎట్లా అని పొద్దున నుంచీ తాగలేదట. ఇది మా పల్లెల్లో అలవాటైపోయింది. పత్తి తీయడానికి పోయినా, మిరపకాయలు కోయడానికి పోయినా, ఉల్లిగడ్డలు పీకడానికి పోయినా పొలంలో చాటు ఉండదు. అందుకని నీళ్ళు తాగరు. తాగినా చీకటి పడేదాకా ఆపుకుంటారు. చిన్నప్పుడు నేనూ ఆపుకున్నాను, మా అమ్మ జీవితమంతా ఆపుకుంది. దీన్ని ఆడవాళ్ళ అజ్ఞానం అనేవాళ్ళంటే నాకు కోపం. చాటు లేకపోవడం అజ్ఞానం కాదు.

స్కాన్ బాగుంది. ఎలాగూ వచ్చింది కదా అని తన మూత్రం తీసుకున్నాను. "నాకు మంటే లేదు కదా వదినా" అంది. లేకపోయినా ఇవ్వమన్నాను. మొదట స్ట్రిప్ ముంచి చూశాను. చాలా రకాల బాక్టీరియా ఉంటే రంగు మారే నైట్రైట్ గడి తెల్లగానే ఉంది. స్ట్రిప్‌ను నమ్మి ఊరుకుంటే ఆమె ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళిపోయేది. ప్లేటు పెట్టాను.

పొద్దున చూస్తే పసుపే, కానీ ఈ కోలై పసుపు కాదు. చుక్కలు చాలా చిన్నవి, గుండుసూది మొనతో పొడిచినట్టు, లెక్కపెట్టలేనన్ని, అన్నీ ఒకే రకం. ఒక కాలనీని పుల్లతో తీసి గాజు పలక మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కలిపాను. బుడగలు రాలేదు. స్టాఫిలోకాకస్ అయితే నురగలా పొంగేది. గ్రామ్ రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఊదారంగు గుండ్రాలు, జంటలుగా, అక్కడక్కడా చిన్న గొలుసులుగా. ఎంటరోకాకస్ ఉంటే నల్లబడే బైల్ ఎస్క్యులిన్ అనే పరీక్ష గొట్టం సాయంత్రానికి నల్లబడింది. ఎంటరోకాకస్.

ఎంటరోకాకస్ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చదు. అందుకే స్ట్రిప్ తెల్లగా ఉండిపోయింది. దానికి ఇంకో గుణం కూడా ఉంది, సెఫలోస్పోరిన్ జాతి మందులు దాని మీద పనిచేయవు. అది పుట్టుకతో వచ్చిన మొండితనం. గర్భిణులకు మూత్రంలో ఇన్ఫెక్షన్ అనగానే చాలాచోట్ల రాసే మందుల్లో సెఫలోస్పోరిన్లు ముందుంటాయి, ఈ కోలై ఎక్కువ కాబట్టి అది న్యాయమే. కానీ మా మరదలికి ఎవరైనా కల్చర్ లేకుండా అవే రాసి ఉంటే ఏడు రోజులు మింగేది, బాక్టీరియా ఏడు రోజులూ హాయిగా ఉండేది.

మరో ప్లేటు మీద బాక్టీరియాను తివాచీలా పరిచి మందుబిళ్ళలు పెట్టాను. కాగితపు బిళ్ళలు, బొట్టుబిళ్ళంత ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్కో యాంటీబయాటిక్. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది, దాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఆంపిసిలిన్ చుట్టూ మంచి వలయం, నైట్రోఫ్యురాంటాయిన్ చుట్టూ కూడా. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళ అంచుదాకా పెరిగిపోయింది. అది గర్భిణులకు మామూలుగా ఇవ్వరు, అయినా రిపోర్టు కోసం పెడతాం. డాక్టరమ్మ చూసి ఆంపిసిలిన్ జాతిదే అయిన అమోక్సిసిలిన్ రాశారు.

గర్భంలో మందు ఎంచుకోవడం నెలను బట్టి కూడా మారుతుంది. నైట్రోఫ్యురాంటాయిన్ నెలలు నిండే రోజుల్లో ఇవ్వరు, పుట్టే బిడ్డ ఎర్రకణాలు విరిగిపోయే భయం ఉంది. కోట్రైమాక్సజోల్‌ను మొదటి మూడు నెలల్లో, చివరి రోజుల్లో తప్పిస్తారు. "మా వదినకు వాడినారు, నాకూ అదే ఇవ్వండి" అని మెడికల్ షాపులో కొనుక్కోవడం వల్ల వచ్చే ప్రమాదం అదే. వదినకు మూడో నెల కావచ్చు, మీకు తొమ్మిదో నెల కావచ్చు. ఇంకొకటి, మూడు రోజులు వేసుకుని మంట తగ్గిందని ఆపేసినవాళ్ళ ప్లేట్లు కొన్ని వారాలకు మళ్ళీ నా దగ్గరికే వస్తాయి. రెండోసారి వచ్చినప్పుడు బిళ్ళల చుట్టూ వలయాలు మొదటిసారి కంటే చిన్నవిగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. అవి కొలిచేటప్పుడు చేతిలో స్కేలు బరువెక్కినట్టు ఉంటుంది.

మా మరదలు ఏడు రోజులూ వేసుకుంది. మా అమ్మ మాత్రలతోపాటు సబ్జా కూడా తాగించింది. తాగించమనే చెప్పాను. కోర్సు అయ్యాక పది రోజులకు మళ్ళీ చూశాను. ప్లేటు పెట్టినప్పుడు ఏ రంగో తీసినప్పుడూ అదే రంగు. కానీ ఒకసారి వచ్చినవాళ్ళకు కాన్పులోపు మళ్ళీ రావడం మామూలే, అందుకని మధ్యమధ్యలో చూస్తూ ఉండమన్నారు డాక్టరమ్మ.

మూత్రం పట్టే పద్ధతి కౌంటర్ దగ్గర ఎవరూ తీరిగ్గా చెప్పరు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. డబ్బా ల్యాబ్‌లోనే అడిగి తీసుకోండి, మూత బిగించి ఉన్నది. టానిక్ సీసా ఎంత కడిగినా పనికిరాదు. చేతులు కడుక్కుని, మూత్రం వచ్చే చోటును మంచినీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కోండి. డెటాల్ లాంటివి వద్దు, అవి డబ్బాలో పడితే బాక్టీరియా అక్కడే చచ్చి ఏమీ లేదని రిపోర్టు వస్తుంది. ఒక చేత్తో అక్కడి చర్మపు మడతలను ఎడంగా పట్టుకుని మొదటి ధార వదిలేయండి. మధ్యలో వచ్చేదాన్ని, డబ్బా ఒంటికి తగలకుండా, సగం దాకా పట్టండి. చివరిది కూడా వదిలేయండి. మూత లోపలి వైపు వేలు పెట్టకండి, మూతను నేలమీద బోర్లా పెట్టకండి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచితే ఒక రోజు దాకా పనికొస్తుంది, ఫ్రీజర్‌లో కాదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. మొదలుపెట్టేసి ఉంటే ఏ మందో, ఎన్ని రోజులైందో చెప్పండి. మగవాళ్ళ ముందు చెప్పడానికి మొహమాటమైతే ఆడ టెక్నీషియన్‌ని పిలవమనండి. మేము వస్తాం.

చలితో జ్వరం, పక్కటెముకల కింద నడుము నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనబడినా రేపటికి వాయిదా వేయకండి. నేను నాలుగు రోజులు వాయిదా వేశాను.

ఏప్రిల్‌లో వచ్చిన ఆ అమ్మాయి కొత్త డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. బయట వాళ్ళత్త ఇంకా గొణుగుతూనే ఉంది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. నాకు ఏడో నెలలో ఏమైందో చెప్పాను, ఫోన్‌లో మా పాప ఫోటో చూపించాను. ఆమె ఫోటో చూస్తూ, "నా కోడలికి ముందర ఒకటి పోయిందమ్మా, ఏడో నెలలోనే" అంది. ఇంకేమీ అనలేదు. అమ్మాయి బయటికి వచ్చాక డబ్బాను వాళ్ళత్తే తీసుకుని, మూత గట్టిగా ఉందో లేదో చూసి, నా చేతికిచ్చింది. ఆ ప్లేటులో ఈ కోలై వచ్చింది. రిపోర్టు తీసుకుని వాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

మా మరదలికి ఇప్పుడు ఎనిమిదో నెల. సోమవారం మళ్ళీ వస్తోంది. దారిలో నీళ్ళు తాగమన్నాను, మధ్యలో పత్తికొండ బస్టాండులో ఆగమన్నాను, అక్కడ మరుగుదొడ్డి ఉంది. ఇంటి దగ్గర ఏమీ పట్టుకురావద్దన్నాను. డబ్బా నా దగ్గరే ఉంది.